కోరంగి: రేవు పోయినా నిలిచిన ఊరు

పిల్లలూ! మీ భూగోళం పుస్తకంలో ఆంధ్రదేశపు పటం ఉంటుంది. దాన్ని తెరిచి ముందు పెట్టుకోండి. గోదావరి గీత మీద వేలు పెట్టి, రాజమహేంద్రవరం నుంచి మెల్లగా కిందికి జరపండి. ధవళేశ్వరం దాటగానే ఆ గీత రెండుగా చీలుతుంది. పడమటిది వసిష్ఠ, తూర్పుది గౌతమి. గౌతమి వెంటనే పోతే యానాం వస్తుంది. అది 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండిన ఊరు. ఆ యానానికి దగ్గరలో గౌతమి నుంచి ఒక సన్నని పాయ విడివడి, ఉత్తరంగా ప్రయాణం చేసి, కాకినాడ అఖాతంలో కలుస్తుంది. ఆ పాయ పేరు కోరంగి నది. దాని ఒడ్డున ఉన్న ఊరి పేరు కూడా కోరంగే.

మీ పటంలో ఆ ఊరి చుక్క కనబడకపోవచ్చు. ఇవాళ అది చిన్న పల్లెటూరు. కాని రెండువందల ఏళ్ల కిందట ఇంగ్లీషు, ఫ్రెంచి, డచ్చి నావికులు వాడే సముద్ర పటాల్లో ఆ చుక్క తప్పకుండా ఉండేది. ఈ తీరాన ఓడలు కట్టే ఊళ్లలో కోరంగికి పెట్టింది పేరు. బర్మా దేశంలో తెలుగువాణ్ణి చూస్తే, అతనిది శ్రీకాకుళమైనా సరే, విశాఖపట్నమైనా సరే, "కోరంగీ" అని పిలిచేవారు. మారిషస్ దీవిలోనూ అంతే. ఒక చిన్న ఊరి పేరు ఒక జాతి మొత్తానికి పేరై పోవటం ఎంత వింత! ఆ ఊరు అంత పెద్దదెట్లా అయింది? మళ్లీ చిన్నదెందుకయింది? పదండి, పోయి చూసివద్దాం.

కాకినాడ నుంచి

కాకినాడలో యానాం పోయే బస్సు ఎక్కండి. వీలయితే ఎడమచేతి వైపు కిటికీ దగ్గర కూర్చోండి. జగన్నాథపురం వంతెన దాటిన తరువాత ఊరు పలచబడుతుంది. కొంతసేపటికి చొల్లంగి వస్తుంది. పుష్య బహుళ అమావాస్యకు ఇక్కడ సముద్రస్నానానికి జనం వేలకువేలుగా వస్తారు. ఆ అమావాస్యకు "చొల్లంగి అమావాస్య" అనే పేరు. గోదావరి సప్తర్షుల పేర ఏడు పాయలుగా సముద్రంలో కలుస్తుందని మన పెద్దల నమ్మకం. ఆ ఏడు చోట్లా స్నానం చేస్తూ సాగే యాత్రకు సప్తసాగర యాత్ర అని పేరు. ఆ ఏడింటిలో తుల్యభాగ చొల్లంగి దగ్గర కలుస్తుందనీ, ఆత్రేయ కోరంగి దగ్గర కలుస్తుందనీ చెబుతారు. కనుక ఓడలు రాకముందు నుంచీ ఈ చోటు జనానికి తెలిసినదే.

చొల్లంగి దాటాక ఎడమవైపు చూడండి. పచ్చని గోడలాగా ఒక అడవి కనబడుతుంది. కొండల మీది అడవి లాంటిది కాదు ఇది. బురదలో, ఉప్పునీటిలో నిలబడి ఉంటుంది. అవే మడ అడవులు. ఆ అడవికీ రోడ్డుకీ మధ్య ఏరు, ఏటి ఒడ్డున పడవలు, ఆరబెట్టిన వలలు, కొబ్బరిచెట్లు, ఇళ్లు. ఇదే కోరంగి.

ఇక్కడ దిగి చుట్టూ చూస్తే మీకు మొదట తోచే ప్రశ్న ఒకటే: "ఓడలు ఆగటానికి ఇక్కడ సముద్రమేదీ?" సముద్రం కనబడదు. ఏరు చూస్తే చిన్న పడవలకే తప్ప ఓడలకు లోతు చాలదు. మంచి ప్రశ్నే. దానికి జవాబు ఈ ఊరి చరిత్ర అంతా చదివితే గాని దొరకదు.

రేవు ఎందుకు వెలిసింది?

ఓడకు మూడు కావాలి. గాలివాన వచ్చినప్పుడు తలదాచుకునే చోటు కావాలి. జబ్బుచేస్తే బాగుచేసే పనివాడు కావాలి. ఎక్కించుకోవటానికి సరుకు కావాలి. కోరంగిలో మూడూ ఉండేవి.

మన తూర్పుతీరం చాలాచోట్ల తిన్నగా గీత గీసినట్లు ఉంటుంది. గాలికి అడ్డుగా వంపుగాని, కొండగాని ఉండదు. ఓడ సముద్రంలోనే లంగరు వేసుకుని ఊగుతూ ఉండాలి. కోరంగి దగ్గర మాత్రం ఓడ ఏటిలోకి వచ్చి ఒదిగి కూర్చోవచ్చు. ఇంకొక లాభం కూడా ఉన్నది. సముద్రపు నీటిలో కొయ్యను తొలిచి తినే పురుగు ఒకటున్నది. కొయ్య ఓడలకు అది చెద వంటిది. నదిలోని మంచినీరు దానికి పడదు. వరదకాలంలో ఓడ ఏటిలో కొన్నాళ్లు నిలిస్తే ఆ పురుగు దానంతట అదే చచ్చేది.

ఇక కొయ్య. గోదావరి ఎగువ అడవుల్లో టేకు పెరుగుతుంది. దుంగలు నరికి, కలిపి కట్టి, తెప్పలుగా నీటిలో వదిలితే నదే వాటిని కిందికి మోసుకువచ్చేది. బండి అక్కరలేదు, ఎద్దు అక్కరలేదు. అడవి ఉన్నచోట సముద్రం ఉండదు, సముద్రం ఉన్నచోట టేకు ఉండదు. రెండింటినీ కలిపే దారి గోదావరి. అందుకే వడ్రంగులూ, కమ్మరులూ, తెరచాపలు కుట్టేవారూ, మోకులు పేనేవారూ ఈ నదీముఖానికి వచ్చి చేరారు. కోరంగిలోనూ, పక్కనే ఉన్న తాళ్లరేవులోనూ రెండు కొయ్యల ఓడలు, మూడు కొయ్యల ఓడలు తయారయ్యేవి. కొయ్య అంటే ఇక్కడ తెరచాప స్తంభమని అర్థం. ఆ ఓడల మీద కళాసీలు కూడా ఈ చుట్టుపక్కలవారే.

ఓడను బాగుచేసే పద్ధతి వింటే మీకు ముచ్చట వేస్తుంది. అమావాస్యకూ పౌర్ణమికీ సముద్రపు పోటు ఎక్కువని మీరు చదువుకున్నారు గదా. ఆ పెద్దపోటు వేళకు ఓడను ఏటిగట్టున తవ్విన గుంటలోకి లాగేవారు. వెంటనే గుంట మూతికి బంకమట్టితో కట్ట వేసేవారు. లోపలి నీరు తోడేస్తే ఓడ నేలమీద నిలిచేది. అప్పుడు దాని అడుగున పట్టిన గుల్లలు గీకి, పుచ్చిన పలకలు మార్చి, సందుల్లో నార కూరి, నూనె కలిపిన గుగ్గిలం పూసేవారు. పని పూర్తయ్యాక మళ్లీ పెద్దపోటు నాడు కట్ట తెగగొడితే నీరు లోపలికి వచ్చి ఓడ తేలేది. ఏ యంత్రమూ లేదు. చంద్రుడే యంత్రం! 19వ శతాబ్ది మొదట్లో ఇక్కడ పెద్ద ఓడలకు సరిపడే గుంట కూడా ఒకటి తయారయింది. కలకత్తాకూ సింహళంలోని ట్రింకోమలీకీ మధ్య పెద్ద ఓడలు ఇట్లా బాగుచేసుకునే చోటు కోరంగి తప్ప మరొకటి లేదని ఆ కాలంవారు రాసిపెట్టారు.

సరుకు మాటకు వస్తే, ఇక్కడికి దగ్గరలోనే ఇంజరం అనే ఊరున్నది. 1708లో ఇంగ్లీషు కంపెనీవారు అక్కడ వర్తకస్థానం పెట్టుకున్నారు. చుట్టుపక్కల సాలెవారు నేసిన సన్నని నూలుగుడ్డలు కొని సీమకు పంపేవారు. యానాంలో ఫ్రెంచివారు, జగన్నాథపురంలో డచ్చివారు. ముగ్గురూ చూపు పెట్టినది ఈ నేతల మీదనే. ఆ తరువాత సీమలో మరలు వచ్చాయి. మరగుడ్డ చవకగా దిగటంతో ఇక్కడి మగ్గం మూలబడింది. ఇంజరంలో కంపెనీ వ్యాపారం కూడా ముగిసింది. ఓడకు కావలసిన మూడింటిలో ఒకటి అట్లా పోయింది.

ఉప్పెనలు

నదీముఖం ఓడను కాపాడుతుంది అన్నాను. అయితే సముద్రమే లేచి నదిలోకి వస్తే ఎవరు కాపాడతారు?

1787 మే నెలలో పెద్ద గాలివాన ఈ తీరాన్ని కొట్టింది. కోరంగి, ఇంజరం, ఉప్పాడ మునిగాయి. రెండేళ్లు తిరిగాయో లేదో, 1789 డిసెంబరులో మరొకటి వచ్చింది. ఒకదాని వెంట ఒకటిగా మూడు పెద్ద కెరటాలు వచ్చాయట. మొదటిది లంగరు వేసిన ఓడలను ఊరిమీదికి నెట్టింది. రెండవది పొలాలనూ ఇళ్లనూ ముంచింది. మూడవది మిగిలినదంతా తుడిచిపెట్టింది. మళ్లీ 1839 నవంబరు 25న అంతకంటె ఘోరమైన ఉప్పెన వచ్చింది.

కెరటం ఎందుకు లేస్తుందో తెలుసుకుందాం. తుపాను నడుమ గాలి ఒత్తిడి తక్కువ. ఒత్తిడి ఒక మిల్లీబారు తగ్గితే సముద్రం సుమారు ఒక సెంటీమీటరు పైకి ఉబుకుతుంది. ఒత్తిడి 60 మిల్లీబార్లు తగ్గితే నీరు 60 సెంటీమీటర్లు లేస్తుంది. ఇది కొంతే. అసలు బలం గాలిది. గంటల తరబడి ఒకేవైపు వీచే పెనుగాలి నీటిని తీరానికి తోసుకువస్తుంది. లోతైన సముద్రంలో ఆ నీరు అడుగున వెనక్కి పోగలదు. కాని నది తెచ్చిన మట్టితో మెరక తేలిన సముద్రంలో దానికి పోయే దారి లేదు. అందుకని పైకే లేస్తుంది. అప్పుడే ఆటుపోట్లలో పోటు వేళ కూడా అయితే ఇక చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19న దివిసీమలో వచ్చిన ఉప్పెన సంగతి మీ తాతగార్లను అడగండి. చెబుతారు.

ఇక్కడ మీకొక లెక్క ఇస్తాను. పలక తీసుకోండి. 1839 ఉప్పెనలో 3 లక్షల మంది చనిపోయారనీ, 20 వేల ఓడలు మునిగాయనీ చాలా పుస్తకాలలో ఉంటుంది. ఒకరు రాసినది చూసి మరొకరు రాస్తూ వచ్చారు. ఇది సరిపోతుందేమో చూద్దాం.

ఆనాటి రాజమహేంద్రవరం జిల్లా మొత్తం జనాభా 1821లో సుమారు 7 లక్షల 38 వేలు. 1841లో, అంటే ఉప్పెన వచ్చిన రెండేళ్లకు, సుమారు 5 లక్షల 61 వేలు. తీసివేయండి. 20 ఏళ్లలో తగ్గినది 1 లక్షా 77 వేలు. ఈ మధ్యలోనే 1833 నాటి నందన కరువు వచ్చి ఈ దేశాన్ని పీల్చి పిప్పిచేసింది. జనం ఊళ్లు విడిచి వలసపోయారు. కరువు, వలస, ఉప్పెన అన్నీ కలిపినా లోటు రెండు లక్షలు కాదు. అటువంటప్పుడు ఒక్క ఉప్పెనలో 3 లక్షలు ఎట్లా పోతారు? ఇక ఓడల లెక్క. ఒక్కో పడవ పొడవు 10 మీటర్లే అనుకోండి. 20 వేల పడవలను వరుసగా నిలబెడితే 200 కిలోమీటర్లు! కాకినాడ నుంచి విశాఖపట్నం దాటిపోతుంది ఆ వరుస. కోరంగి ఏరు అన్ని పడవలను ఎక్కడ పెట్టుకుంటుంది?

కనుక అచ్చులో ఉన్నంత మాత్రాన అంకెను నమ్మరాదు. దాన్ని ఇంకొక అంకె పక్కన నిలబెట్టి చూడాలి. అయితే, పిల్లలూ, అంకె తప్పయినంత మాత్రాన దుఃఖం అబద్ధం కాదు. చిన్న ఊరిలో ఇంటికొక ప్రాణం పోయినా ఆ ఊరికి అది ప్రళయమే. లక్షలని చెబితేనే గాని మన మనసు కరగదంటే లోపం ఆ ఊరివారిది కాదు, మనది.

ఆ ఉప్పెన లోకానికి ఒక మేలు చేసింది. కలకత్తాలో హెన్రీ పిడింగ్‌టన్ అనే ఇంగ్లీషాయన ఉండేవాడు. ఒకప్పుడు ఓడ కప్తాను. గాలివానల్లో చిక్కి బయటపడిన ఓడల దినచర్య పుస్తకాలు ఆయన సేకరించేవాడు. ఫలానా రోజు ఫలానా గంటకు ఏ ఓడ ఎక్కడున్నది, అక్కడ గాలి ఎటునుంచి వీచింది అన్నది పటం మీద గుర్తు పెట్టేవాడు. అట్లా గుర్తులు పెట్టగా పెట్టగా గాలి నిలువుగా పోవటం లేదు, సుడిగా తిరుగుతున్నదని తేలింది. మన అర్ధగోళంలో ఆ సుడి ఎప్పుడూ గడియారపు ముల్లుకు ఎదురుగానే తిరుగుతుంది. 1839 నాటి కోరంగి గాలివానను కూడా ఆయన ఈ విధంగా పరిశీలించాడు. 1848లో నావికుల కోసం అచ్చువేసిన పుస్తకంలో ఈ సుడిగాలికి "సైక్లోన్" అని పేరు పెట్టాడు. పాము చుట్ట అనే అర్థం వచ్చే గ్రీకు మాట నుంచి దాన్ని తీసుకున్నాడు. ఇవాళ రేడియోలో ఆ మాట విన్నప్పుడల్లా, ఆ విద్యకు మూలమైన వాటిలో మన కోరంగి కన్నీళ్లు కూడా ఉన్నాయని తలుచుకోండి.

రేవును పూడ్చినది ఎవరు?

ఉప్పెనల వల్లనే కోరంగి రేవు పోయిందని చాలామంది అనుకుంటారు. 1787లో కొట్టుకుపోయిన ఊరు మళ్లీ లేచింది. 1789 తరువాత మళ్లీ లేచింది. ఆ తరువాతనే పెద్ద ఓడల గుంట తయారయింది. ఉప్పెన ఒక్కరోజు శత్రువు. ఊరు దాన్ని తట్టుకున్నది. రేవును తీసినది రోజూ పనిచేసే మరొక శక్తి. దాన్ని మీరు ఇంట్లోనే చూడవచ్చు.

రెండు గాజుగ్లాసుల నిండా నీళ్లు తీసుకోండి. ఒకదానిలో రెండు చెంచాల ఉప్పు కలపండి. చెరువులోని మెత్తని బంకమట్టి రెండింటిలోనూ సమానంగా వేసి బాగా కలియతిప్పండి. కదపకుండా పక్కన పెట్టి, పది నిమిషాలకొకసారి చూడండి. ఉప్పునీటి గ్లాసు ముందు తేరుకుంటుంది. మట్టి రేణువులు మంచినీటిలో ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటూ తేలుతూ ఉంటాయి. ఉప్పు తగిలితే ముద్దలుగా అంటుకుని అడుగుకు దిగుతాయి.

గోదావరి చేసేది ఇదే. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి, 1,465 కిలోమీటర్లు నడిచి, దారి పొడుగునా మట్టి ఎత్తుకుని వస్తుంది. సముద్రపు ఉప్పు తగలగానే ఆ బరువు దించుతుంది. ఎక్కడ? సరిగ్గా ఏటి మొగలో, ఓడలు రావలసిన దారిలో. ఏటా ఒక పొర. ఓడలేమో ఏటేటా పెద్దవవుతున్నాయి, ఏరేమో ఏటేటా మెరక అవుతున్నది. ఇక రెంటికీ పొత్తు ఎట్లా కుదురుతుంది? 19వ శతాబ్దంలో పెద్ద ఓడలు ఒక్కొక్కటిగా కోరంగిని విడిచాయి.

ఆ మట్టీ ఇసుకే మరొకచోట మేలు చేసింది. గౌతమి మొగ నుంచి ఉత్తరంగా సముద్రంలోకి సన్నని ఇసుక దిబ్బ ఒకటి పెరుగుతూ వచ్చింది. దాన్ని హోప్ ఐలండు అంటారు. అలలు దానిమీదనే విరిగిపోవటంతో లోపలి అఖాతం నెమ్మదించింది. ఆ నెమ్మదిలో కాకినాడ రేవు పెరిగింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. దాన్ని కట్టించినవాడు ఆర్థర్ కాటన్ దొర అని మీకు తెలుసు. ఆ నీటితో కాకినాడకు కాలువ వచ్చి, ధాన్యం పడవలు తిన్నగా అక్కడికే పోసాగాయి. 1861 నుంచి 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధం జరిగి, అక్కడి పత్తి సీమకు రాకుండా ఆగిపోయింది. అప్పుడు మన పత్తికి గిరాకీ పుట్టి కాకినాడ దశ తిరిగింది. తల్లి పోతూ పిల్లను నిలబెట్టినట్లు, కోరంగి తగ్గుతూ కాకినాడను పెంచింది.

పేరు సముద్రం దాటింది

రేవు పోతే రేవు మీద బతికేవారు ఏమవుతారు? ఓడపని తెలిసినవాడు ఓడెక్కి పోతాడు. కరువుతో, అప్పులతో బతుకు చెడినవాడు కూలికి పోతాడు.

1830ల నుంచి మారిషస్ చెరకుతోటల్లో పనికి మనదేశం నుంచి మనుషులను ఒప్పందం మీద తీసుకుపోసాగారు. తెలుగువారు కొందరు ఈ తీరం నుంచే ఓడెక్కారు. "కోరంగి ప్యాకెట్" అనే ఓడ పేరు ఆనాటి వలసచరిత్రలో నిలిచిపోయింది. వీళ్లు ఏ ఊరివారని అక్కడివారు అడిగి ఉంటారు. ఓడెక్కిన రేవు పేరే ఊరి పేరయింది. తెలుగువారంతా "కోరంగీలు" అయ్యారు. వారి మునిమనుమలు ఇవాళ కూడా అక్కడ ఉగాది చేసుకుంటున్నారు. అక్కడ ఉగాదికి ప్రభుత్వ సెలవు కూడా ఉన్నది.

బర్మా సంగతి ఇంకా పెద్దది. ఇంగ్లీషువారు 1852లో దిగువ బర్మాను పట్టుకున్న తరువాత అక్కడ వరిసాగు విపరీతంగా పెరిగింది. కోతలకూ, బియ్యపు మిల్లులకూ, రంగూను రేవులో మూటలు మొయ్యటానికీ మనుషులు కావలసివచ్చారు. గోదావరి, విశాఖపట్నం, గంజాం ప్రాంతాలవారు వేలకువేలుగా పోయారు. "మా తాత రంగం వెళ్లాడు" అనే మాట ఈ జిల్లాల్లో ఇప్పటికీ వినబడుతుంది. రంగం అంటే రంగూనే. అక్కడ రిక్షా లాగినవాడూ కోరంగీయే, ఓడ దింపినవాడూ కోరంగీయే. ఆ పిలుపులో ఎప్పుడూ గౌరవం ఉండేది కాదు. 1930 మే నెలలో రంగూను రేవులో కూలిపని మీద తగవు వచ్చి, బర్మావారికీ మనవారికీ కొట్లాట జరిగి, తెలుగు కూలీలు చాలామంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇటు పొట్టకు లేనివాడూ, అటు తన పని పోతున్నదని బాధపడేవాడూ కొట్టుకున్నారు. ఇద్దరూ పేదలే. తరువాత 1942లో జపానువారు బర్మాను ఆక్రమించినప్పుడు మనదేశంవారు లక్షలమంది కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చారు. దారిలో పోయినవారు పోగా, మిగిలినవారు ఇళ్లు చేరారు.

పచ్చని గోడ

ఇక తిరిగి కోరంగికి రండి. ఓడలు పోయినచోట ఇప్పుడు ఏమున్నదో చూడండి.

ఓడలకు అడ్డం వచ్చిన ఆ మట్టిమీదనే మడ అడవి పెరుగుతుంది. మిగతా చెట్లు ఉప్పునీటిలో చచ్చిపోతాయి గదా, మడచెట్టు ఎట్లా బతుకుతుంది? తాగిన ఉప్పును ఆకుల మీదుగా బయటికి పంపుతుంది. బురదలో గాలి ఆడదు కనుక వేళ్లను పెన్సిళ్లలాగా పైకి నిలబెట్టి వాటితో ఊపిరి పీల్చుకుంటుంది. పొన్నచెట్టు ఇంకా తెలివైనది. దాని గింజ చెట్టుమీద ఉండగానే మొలకెత్తి, జానెడు పొడుగు పెరిగిన తరువాత బురదలో పడి గుచ్చుకుంటుంది. పోటుకు కొట్టుకుపోదు. తిల్లచెట్టు అని ఒకటున్నది. దాని పాలు కంట పడితే చాలా ప్రమాదం. అడవిలోకి పోయినప్పుడు ఏ ఆకూ తుంచకండి.

ఈ అడవి వేళ్ల నడుమ రొయ్యపిల్లలు, పీతలు, చేపపిల్లలు పెరిగి పెద్దవవుతాయి. ఇక్కడి జాలరుల అన్నం ఇక్కడే పుడుతుంది. నీటిలో దిగి చేపలు పట్టే బావురుపిల్లి ఉన్నది, నీటికుక్కలు ఉన్నాయి. హోప్ ఐలండు ఇసుకలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. 1978లో ప్రభుత్వంవారు సుమారు 235 చదరపు కిలోమీటర్ల మేర దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. సందర్శకుల కోసం బురదమీద కొయ్యబాట వేశారు. దానిమీద నడుస్తూ అన్నీ చూడవచ్చు.

అన్నిటికంటె పెద్ద ఉపకారం మరొకటి. ఉప్పెన వచ్చినప్పుడు ఈ దట్టమైన వేళ్లూ కొమ్మలూ అల జోరును విరుస్తాయి. మడ అడవి పెద్ద ఉప్పెనను పూర్తిగా ఆపలేదు. అంత మాట అనరాదు. కాని ఊరికీ సముద్రానికీ మధ్య ఉండి దెబ్బ కొంత తాను తింటుంది. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపానులో వెయ్యిమందికి పైగా చనిపోయారు. వారిలో సముద్రం మీద వేటకు పోయిన జాలరులు ఎందరో ఉన్నారు. బలుసుతిప్ప, భైరవపాలెం వంటి పల్లెలు ఆ దుఃఖాన్ని మరచిపోలేదు.

ఆ పల్లెల చుట్టుపట్ల వంటచెరుకు కోసమూ, రొయ్యల చెరువుల కోసమూ కొంత అడవి నరికారు. నరికినచోట నీరు నిలిచి, ఎండి, ఉప్పు పేరుకుని, ఏ మొక్కా మొలవని చవిటినేల అయింది. 1990ల చివరి నుంచి అటవీశాఖ, ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, గ్రామస్థులు కలిసి దానికొక ఉపాయం చేశారు. చేప వెన్నెముక్కు అటూ ఇటూ ముళ్లున్నట్లుగా ఒక పెద్ద కాలువ, దానికి పిల్లకాలువలు తవ్వారు. పోటుకు నీరు లోపలికి వచ్చి, పాటుకు బయటికి పోతూ ఉప్పును కడిగివేసింది. అప్పుడు మడమొక్కలు నాటితే నాటుకున్నాయి. చూశారా! ఒకప్పుడు పోటును కనిపెట్టి ఓడలను నిలబెట్టిన చోటనే, మళ్లీ ఆ పోటును కనిపెట్టి అడవిని నిలబెట్టారు.

చివరగా ఒక మాట

కోరంగి కథలో మూడు పొరలున్నాయి. నది ఇచ్చినది కొంత: కొయ్య, నీడ, చేప. నది తీసుకున్నది కొంత: లోతు, రేవు, వైభవం. మనిషి నిలబెట్టుకున్నది కొంత. ఓడలు పోయాయి గాని పడవ నడిపే చెయ్యి పోలేదు. జనం చెదిరిపోయారు గాని ఊరు పోలేదు. రేవు ఉన్నన్నాళ్లు ఈ ఊరు పెద్దది, రేవు పోగానే చిన్నది అని మనం అనుకుంటాం. అక్కడ పుట్టి, అక్కడే వలవేసి, పిల్లలను బడికి పంపుతున్న వారికి మాత్రం అది ఏనాడూ చిన్నది కాదు.

ఇప్పుడు మీకొక పని. మీ ఊరు ఆ చోటనే ఎందుకు వెలిసింది? ఏరున్నదా, చెరువున్నదా, బండ్లబాటలు కలిసేచోటా, కోటగోడ నీడా? ఒకప్పుడు అక్కడ ఏ పని జరిగేది, ఇప్పుడెందుకు జరగటం లేదు? మీ ఊరి నుంచి బతకటానికి ఎవరు ఎంత దూరం పోయారు? ఈ ప్రశ్నలు ఒక నోటుపుస్తకంలో రాసుకుని, మీ వీధిలో అందరికంటె పెద్దవారి దగ్గరికి పోయి కూర్చోండి. వారు చెప్పినది చెప్పినట్లు రాయండి. సంవత్సరం చెబితే సంవత్సరం, అంకె చెబితే అంకె. తరువాత, కోరంగి లెక్క చేసినట్లే, ఒక అంకెను ఇంకొక అంకె పక్కన నిలబెట్టి చూడండి. ఈ పని త్వరగా చెయ్యండి. రేవు పూడిపోయినట్లే పెద్దవారి జ్ఞాపకం కూడా ఏటా ఒక పొర చొప్పున పూడిపోతుంది.